బాపు గొంతున్న కంప్యూటర్

నీలం తెర మళ్లీ వచ్చింది. దాని మీద మళ్లీ ఆ ఏడుపు మొహం గుర్తు, కింద ఇంగ్లిషులో అదే మాట, మీ కంప్యూటర్‌కు ఏదో ఇబ్బంది కలిగింది, తిరిగి మొదలుపెడుతున్నాం అని, ఎంత మర్యాదగా చెబుతుందో. ఆ తర్వాత తెర నల్లబడుతుంది, ఫ్యాను ఆగినట్టే ఆగి మళ్లీ తిరుగుతుంది, కంపెనీ గుర్తు వస్తుంది, దాని కింద గుండ్రంగా చుక్కలు, రిపేరుకు సిద్ధమవుతోంది అని తెల్ల అక్షరాలు, చుక్కలు ఇంకాసేపు తిరిగి తిరిగి సగంలో గడ్డకట్టినట్టు నిలిచిపోతాయి, మళ్లీ నీలం. పొద్దున అన్నం తిన్నప్పటి నుంచీ నిఖిత ఇదే చూస్తోంది. మొదట్లో ప్రతిసారీ గుండె జారింది. ఇప్పుడు జారడం లేదు, ఇప్పుడు ఆమెకు వింతగా ఉంది. పడిపోయిన కంప్యూటర్ తనను తాను బాగు చేసుకుందామని లేస్తుంది, ఆ బాగు చేసుకోవడంలోనే మళ్లీ పడిపోతుంది, పడిపోయిన సంగతి మాత్రం దానికి గుర్తుంటుంది, పోయినసారి సరిగ్గా మొదలు కాలేదు అని అదే చెబుతుంది కదా. గుర్తుండీ మళ్లీ అదే దారిన ఎందుకు పోతుంది? ఆ చుక్కలు తిరుగుతున్నంతసేపు లోపల ఏం వెతుకుతుంది? అది వెతికేది దానికి దొరుకుతుందా, దొరకబోతున్నప్పుడే పడిపోతుందా?

ఎదురుగా మంచం మీద బాపు, ఆమె తండ్రి తుకారాం, కూర్చున్నాడు, మెడ చుట్టూ తువ్వాల, తువ్వాల వెనక గొంతులో చిన్న రంధ్రం, ఆయన ఊపిరి ఇప్పుడు అక్కడి నుంచే. తుకారాం అంటే ఎడపల్లిలోనే కాదు, బోధన్ చుట్టుపక్కల కుస్తీ పోటీలు జరిగే ప్రతి ఊళ్లోనూ తెలుసు. పహిల్వాన్ కాదు, ఏనాడూ లంగోటా కట్టలేదు, ఆయనది మైకు. జాతరనాడు మధ్యాహ్నం కొబ్బరికాయ బహుమతి కుస్తీతో మొదలుపెట్టి పొద్దుగూకేవేళ వెండి కడియం బహుమతి కుస్తీ దాకా ఒక్కడే మాట్లాడేవాడు, సగం తెలుగు, పావు ఉర్దూ, పావు మరాఠీ, పట్టిండు పట్టిండు, కాలు దొర్కింది, బఘా బఘా, సూడుండ్రి, అరె తప్పించుకున్నడు, అని ఆయన అంటుంటే జనం వెనక ఉండి ఏమీ కనిపించని పిల్లలకు కూడా కుస్తీ కనిపించేది. నిఖిత అలా చూసిన కుస్తీలే ఎక్కువ. మేనమామ భుజం దొరికితే కళ్లతో చూసేది, దొరక్కపోతే బాపు గొంతుతో చూసేది, రెండోదే బాగుండేది. ఆ గొంతులో గడ్డ అన్నారు డాక్టర్లు. స్వరపేటిక తీసేస్తే మనిషి దక్కుతాడు, లేకపోతే లేదు అన్నారు. ఆ మాట విని ఇంట్లో ఏడవనిది ఆయనొక్కడే, తీసేసినాక దాన్ని ఏం చేస్తరు సార్, అని డాక్టర్‌ను అడిగాడు.

ఆపరేషన్‌కు ముందు ఈ గదిలోనే, ఈ కంప్యూటర్ ముందే, కిటికీలకు బొంతలు కట్టి ఆయన గొంతును రికార్డు చేసి పట్టుకుంది నిఖిత. పెదనాన్న కొడుకు రాజశేఖర్ చెప్పాడు అలా చేయమని, అతను హైదరాబాద్‌లో కంప్యూటర్ పనిలో ఉన్నాడు. ఒక్కో మాట విడివిడిగా చెప్పించి దాచు చెల్లె, తెర మీద ఒక్కో మాటకూ ఒక్కో గడి పెట్టి ఇస్త, నొక్కితే మామూలుగా మాట్లాడినట్టే వినొస్తది, అని. చెరకు ట్రాక్టర్లు ఇంటి ముందు నుంచి పోతుంటే ఆగేవాళ్లు, పోయాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. నీళ్లు కావాలె. ఆకలైతలేదు. మంచిగనే ఉన్న. నొప్పి తగ్గింది. వెంకటీ, ఇటు రా. వెంకటీ అంటే అవ్వ, నిఖిత తల్లి వెంకటవ్వ. ఆ రెండు మాటలు చెప్పేటప్పుడు మాత్రం ఆయన మైకు ముందు సిగ్గుపడ్డాడు, అవ్వ వంటింట్లోంచి వింటోందని తెలుసు. మాటలన్నీ అయ్యాక ఒక సాయంత్రం ఆయనే అడిగాడు, ఒక కుస్తీ చెప్పనా అని. ఎదురుగా కుస్తీ లేదు, జనం లేరు, బొంతలు కట్టిన కిటికీ ఉంది, గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది, అయినా కళ్లు మూసుకుని మొదటి నుంచి చివరి దాకా ఒక కుస్తీ చెప్పాడు. రోజువారీ మాటలు కొన్ని నిఖిత ఫోనులో కూడా ఉన్నాయి. ఆ కుస్తీ మాత్రం ఇందులోనే ఉంది.

మొన్న అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయింది. అంతే జరిగింది, వచ్చాక చూస్తే ఇది. బోధన్‌లో ఒక దుకాణానికి తీసుకుపోతే అతను రెండు నిమిషాలు చూసి, ఫార్మాట్ కొడితే కొత్తదాని లెక్క అయితది అక్కా, అన్నాడు. కొత్తదయితే పాతదేమవుతుంది అని అడిగింది నిఖిత. అతను నవ్వాడు. ఆమె కంప్యూటర్‌ను పసిబిడ్డను చీరలో చుట్టినట్టు దుప్పట్లో చుట్టి ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చేసింది. రాజశేఖర్ చెప్పినట్టు వేరే కంప్యూటర్ నుంచి రిపేరు సరంజామా అంతా ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తెచ్చింది, దాంతో మొదలుపెడితే లోపలికి పోవచ్చన్నాడు. పెట్టింది. చుక్కలు తిరిగాయి. నీలం.

చప్పట్లు వినిపించాయి. బాపు మంచం మీద నుంచి రెండు చప్పట్లు కొట్టి వంటింటి వైపు చూస్తున్నాడు, చాయ్ కావాలి. వెంకటవ్వ గిన్నె చప్పుడు చేసింది కానీ రాలేదు. మళ్లీ రెండు చప్పట్లు. ఈసారి వచ్చి తలుపులో నిలబడింది.

"సప్పట్లు కొడితే ఉరికొచ్చెటోళ్లు హోటల్ల ఉంటరు," అంది ఆయనతో. తర్వాత కూతురితో, "ఏమాయెనే? గది మల్ల మాట్లాడుతదా, మాట్లాడదా?"

"చూస్తున్ననవ్వ."

"ఏం చూస్తున్నవ్, పొద్దుగాల నుంచి నీలం రంగే గదా," అంది వెంకటవ్వ, అని తిరిగి పోలేదు, ఇంకోసారి చుక్కలు తిరిగి నీలం వచ్చేదాకా చెంగు పట్టుకుని అలాగే నిలబడి చూసి, అప్పుడు పోయింది. చాయ్ వచ్చింది. అందులో చక్కెర మర్చిపోయింది. బాపు ఒక గుక్క తాగి గ్లాసు వైపు చూసి, వంటింటి వైపు చూసి, ఏమీ అనకుండా, అనడానికి ఏమీ లేకుండా, మొత్తం తాగేశాడు. నిఖిత అది చూసింది. ఆ కంప్యూటర్ బాగున్నన్నాళ్లు ఆయన రోజుకు ఎన్నిసార్లు ఆ గడి నొక్కేవాడో, వెంకటీ ఇటు రా, వెంకటీ ఇటు రా, ఊరికే, పనేమీ లేకుండానే, ఆమె విసుక్కుంటూ వచ్చేది, విసుక్కుంటూ అయినా వచ్చేది.

ఒకవేళ డిస్కే పోతే? రాజశేఖర్ నిన్న ఆ మాటే అన్నాడు, డిస్కే పోయిందేమో చెల్లె, అట్లయితే ఎవ్వలం ఏం చేయలేం, అని. పోవడం అంటే ఎలా పోతుంది? బాపు కుస్తీ అందులో ఎక్కడో ఒక మూల ఉంది, పళ్లెం మీద గీతల్లా రాసి ఉంటుందని చదివింది, దాన్ని చదివేది చదవలేకపోతే రాసింది పోయినట్టా, ఉన్నట్టా? ఎవరూ వినని మాట ఉన్నట్టా? కంఠేశ్వర్‌లో ఆమె పనిచేసే రక్తపరీక్షల ల్యాబ్‌లో ఇలాంటి ఆలోచనలు వచ్చినప్పుడు అంకిత మేడం నవ్వేది, నిఖితా, రక్తం తీయి, వేదాంతం తర్వాత, అని. మేడం నవ్వినా, ఆ మేడమే, పోయిన వానాకాలం వచ్చిన వాళ్లందరి రక్తంలోనూ చక్కెర తప్పుగా చూపించినప్పుడు, రెండో మిషన్ మీద పెట్టి చూసినా అదే తప్పు వచ్చినప్పుడు, మిషన్ బాగుచేసే మనిషి ఫోన్లో మాట్లాడుతూ ఉండగానే, తల పట్టుకుని కూర్చుని, మెల్లగా అంది, రెండు మిషన్లూ ఒకే తప్పు ఎందుకు చేస్తయే? అప్పుడు అందరూ మిషన్ల వైపు చూడటం మాని రక్తం పోసే గొట్టాల వైపు చూశారు. కొత్తగా వచ్చిన గొట్టాల డబ్బా. గొట్టాలది తప్పు.

చుక్కలు తిరుగుతున్నాయి. బాపు చేయి పైకెత్తాడు. నిఖిత తల తిప్పి చూసింది. ఆయన కుస్తీలో రెఫరీ ఎత్తినట్టు చేయి ఎత్తి పట్టుకుని, కళ్లు తెర మీద పెట్టి, ఆగి, ఆగి, ఒక్కసారిగా చేయి కిందికి నరికాడు, అదే క్షణంలో నీలం పడింది. నిఖితకు నవ్వొచ్చింది. మళ్లీ ఎత్తాడు. కంపెనీ గుర్తు రాగానే భుజాలు ఎగరేశాడు, పహిల్వాన్ తొడ చరిచినట్టు తొడ చరిచాడు, చుక్కలు తిరుగుతుంటే అరచేతులు రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పాడు, పట్టు కోసం చూస్తున్నారు, పట్టు దొరికింది, ఇగ పడతది ఇగ పడతది, చేయి నరికాడు, నీలం. ఆయన ఇన్ని గంటలూ ఊరికే కూర్చోలేదు, ఇంకో కుస్తీ చూస్తున్నాడు. ఎప్పుడు పడుతుందో ఆయనకు ఒంటికి పట్టింది. ఎప్పుడూ ఒకే చోట పడుతోంది, లేచాక కొంత దూరం నడిచి, ఎవరో కాలు అడ్డం పెట్టినట్టు. పెన్‌డ్రైవ్ పెట్టినా అంతే, తీసినా అంతే.

పెన్‌డ్రైవ్ పెట్టినా అంతే. నిఖిత చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టింది. పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టినప్పుడు అది డిస్కు ముఖం చూడదు కదా, అందులోనిదే చదువుకుని, అందులోనిదే నడుపుకుంటుంది కదా. అయినా అదే చోట పడుతోంది. డిస్కులో ఉన్న రిపేరు పడింది, బయటి నుంచి తెచ్చిన రిపేరూ పడింది. రెండు మిషన్లూ ఒకే తప్పు ఎందుకు చేస్తయే? డిస్కు కాదు. డిస్కు కాకపోవచ్చు. కరెంటు పోవడం వల్ల అయిందని అందరం అనుకున్నాం, కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక్కసారిగా ఎక్కువొచ్చి ఇంకేదో దెబ్బతిని ఉంటే? రెండు రిపేర్లూ నడవడానికి ఏ నేల మీద కాలు పెట్టాలో ఆ నేలే బాగాలేకపోతే? ఆమె ఫోను తీసింది. రాజశేఖర్ ఆఫీసులో ఉన్నట్టున్నాడు, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అన్నా, పెన్‌డ్రైవ్‌తోని గూడ అక్కడనే పడుతుంది. డిస్కు పాడైతే పెన్‌డ్రైవ్‌ది ఎందుకు పడాలె?"

"అవ్ గదా," అన్నాడు. "నేను గంత దూరం ఆలోచన చెయ్యలే. ర్యామ్ సూడు. డబ్బా విప్పితే పొడుగ్గ పచ్చగ రెండు ముక్కలు నిలవడి ఉంటయి పక్కపక్కన. కరెంటు పూర్తిగ తీసేసి ఒకటి తీసి సూడు. నడిస్తే తీసిందే పాడైనట్టు, నడవకపోతే దాన్ని పెట్టి ఇంకోటి తీసి సూడు. జర పైలం."

ప్లగ్గు పీకితే గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఇన్ని గంటలు ఫ్యాను చప్పుడు ఉందని అది ఆగితేగాని తెలియలేదు. బయట చెరకు ట్రాక్టరు పోతోంది, జారిపడ్డ చెరకు గడ కోసం వెనక ఎవరో పరుగెత్తుతున్న చెప్పుల చప్పుడు. బాపు మంచం దిగి వచ్చి నేల మీద ఆమె పక్కన కూర్చున్నాడు. పక్క రేకు ఊడదీస్తే లోపల దుమ్ము, పత్తి ఏకినట్టు మెత్తగా, ఆ దుమ్ములో బల్లి గుడ్ల పెంకులు, తెల్లగా, సగం సగం విరిగి. బాపు ఒక పెంకు తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. వెచ్చగా ఉంటుందని వచ్చి పెట్టి ఉంటుంది బల్లి. దాని పిల్లలు ఇందులోనే పుట్టి, బాపు మాటలు వింటూ, ఏ కంతలోంచి బయటికి పోయాయో. ఇన్నాళ్లూ బాపు గొంతు ఉండే ఇల్లు లోపల ఇలా ఉంటుందని నిఖిత అనుకోలేదు, ఏమనుకుందో కూడా గుర్తులేదు. రెండు పచ్చ ముక్కలు నిలబడి ఉన్నాయి. గోడ వైపు ఉన్నదాని రెండు చివర్లా కొక్కేలు నొక్కితే టక్కున పైకి లేచింది, ఇంత తేలిగ్గా వస్తుందా అని భయమేసింది. దాన్ని బాపు తువ్వాల కొస మీద పెట్టింది. ఇంకో ముక్కను ముట్టుకోలేదు. ప్లగ్గు పెట్టి, మీట నొక్కింది.

కంపెనీ గుర్తు. చుక్కలు. బాపు చేయి ఎత్తాడు. చుక్కలు తిరుగుతున్నాయి. చేయి గాలిలోనే ఉంది. పడే చోటు వచ్చింది, నిఖితకు కూడా ఇప్పుడు ఒంటికి తెలుస్తోంది, వచ్చింది, దాటింది. చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. బాపు చేయి దించలేదు. ఏదో చదువుతున్నట్టు డిస్కు లోపల గొరగొరమంది, సరిచూస్తోంది అని అక్షరాలు వచ్చాయి, ఇన్ని గంటల్లో ఆ అక్షరాలు రావడం ఇదే మొదలు. అవి చాలాసేపు ఉన్నాయి. ఆయన ఎత్తిన మోచేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు, అయినా దించలేదు. తర్వాత తెర వెలిగింది, చెరకు తోట ఫొటో, నిఖిత కాలేజీ రోజుల్లో పెట్టుకున్నది, దాని మీద వరసగా ఫోల్డర్లు, ఏమీ జరగనట్టు.

మొదట చేసింది ఫోనులోకీ పెన్‌డ్రైవ్‌లోకీ అంతా ఎక్కించుకోవడం. రాజశేఖర్‌కు కూడా పంపింది, కుస్తీ ముందు పంపింది. నీలం గీత మెల్లగా నిండుతుంటే కళ్లు తిప్పలేదు. నిండింది. ఇక ఏమైనా కానీ. అప్పుడు చూస్తే బాపు తెర వైపు చూడటం లేదు. తువ్వాల కొస మీద ఉన్న పచ్చ ముక్కను తీసి, వెలుతురుకు పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాడు. "అదే బాపు, గదే పాడైంది," అంది నిఖిత. ఆయన ఆ ముక్కను ఆమె మొహం ముందు పెట్టి, దీనికేమైంది, ఎక్కడా ఏమీ కనిపించట్లేదే, అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. తర్వాత డబ్బా లోపల బాగా నడుస్తున్న ముక్కను చూపి, దాన్ని తీసెయ్, దాని చోట దీన్ని పెట్టు, అని చేతులతో చెప్పాడు. ఎందుకు, అంది నిఖిత, అంటూనే ఆమెకూ అర్థమైంది, తను కూడా అదే అనుకోబోతోందని అర్థమైంది. పాడైంది ముక్కా, అది కూర్చున్న చోటా? బాపు గొంతు చేతికి వచ్చింది కదా, మూసేసి ఊరుకోవచ్చు. ఊరుకోవడం ఇద్దరి వల్లా కాదు. ప్లగ్గు తీసింది, ముక్కలు మార్చింది, ప్లగ్గు పెట్టింది. చెరకు తోట వచ్చింది. ఎక్కడా ఆగలేదు. పాడైందనుకున్న ముక్క నిక్షేపంలా ఉంది. గోడ వైపు చోటుదే తప్పు, అందులో ఏది నిలబడినా పడుతుంది.

బాపు తొడ చరిచాడు. మౌసు మీద చేయి వేసి తన మాటల గడులు తెరిచాడు. ఏదో వెతుకుతున్నాడు. నీళ్లు కావాలె, దాటాడు. మంచిగనే ఉన్న, దాటాడు. పండుకుంట. ఫ్యాను బంద్ చెయ్. చాయ్ మంచిగున్నది. కింది దాకా పోయి మళ్లీ పైకి వచ్చాడు, మళ్లీ కిందికి. ఏం కావాలి బాపు, అని తనూ చూసింది నిఖిత, చూస్తూ చూస్తూ ఆగిపోయింది. ఇన్ని మాటలు పట్టాం, బొంతలు కట్టి, ట్రాక్టర్లు పోయేదాకా ఆగి, ఇన్ని పట్టాం, ఇందులో ఒక్క ప్రశ్న లేదు. కావాలె, వద్దు, ఉన్నది, లేదు. రోగం ఉన్న మనిషికి ఏం కావాలో అవే అడిగి పట్టాం. ఈ మనిషి కుస్తీ అయిపోయాక గెలిచినవాడి దగ్గరికి ఎప్పుడైనా పోయాడా? అందరూ గెలిచినవాడి మెడలో దండ వేస్తుంటే మైకు కింద పెట్టి, దుమ్ము కొట్టుకుని కూర్చున్న ఓడినవాడి పక్కన గొంతుక్కూర్చుని, ఏ పట్టుకు పడ్డవు, కాలు ఎటు పెట్టినవు, ఆ పెట్టింది అటెందుకు పెట్టినవు, అని అడిగేవాడు కదా, అవమానించడానికి కాదు, తెలుసుకోవాలని, వాడు కోప్పడబోయి తనే ఆలోచనలో పడి చెప్పేవాడు. ఆ మనిషికి అడగడానికి ఒక్క గడి పెట్టలేదు. ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలో ఒక మాస్టరు వచ్చి, గాలి మింగి తేన్పులాగా పైకి తెచ్చి ఆ చప్పుడుతోనే మాట్లాడటం నేర్పుతానన్నాడు, చాలామంది నేర్చుకున్నారన్నాడు. బాపు ఒక్కరోజు చేసి మానేశాడు, నలుగురి ముందు తేన్పులు తీయడానికి సిగ్గుపడ్డాడు, కంప్యూటర్ ఉంది కదా అని మేమూ ఊరుకున్నాం.

ఆయన రాసి చూపడానికి మంచం పక్కన పెట్టిన పలకను నిఖిత అందించింది. ఆయన దాన్ని పక్కకు నెట్టాడు. ఒంగి, డబ్బా లోపల ఖాళీగా ఉన్న ఆ గోడ వైపు చోటు మీద వేలు పెట్టాడు. పెదవులు బిగించాడు, గొంతులో ఏదో కదిలింది, మెడ నరాలు లేచాయి, ఏమీ రాలేదు. మళ్లీ మింగాడు. మొహం ఎర్రబడింది.

"కా?"

కప్ప అరిచినట్టు, తలుపు కిర్రుమన్నట్టు, ఆయన గొంతుకు ఏ పోలికా లేని చప్పుడు. కానీ మాట అది. ధర్మాబాద్ వైపు నుంచి కోడలిగా వచ్చిన నాయనమ్మ రుక్మాబాయి ఇంట్లో మాట్లాడిన మరాఠీలో ఎందుకు అనడానికి అంతే, ఒక్క అక్షరం. ఆయన చిన్నప్పుడు మొదట నేర్చుకున్న మాటల్లో ఒకటై ఉంటుంది. తన చప్పుడుకు తనే అదిరిపడి ఆయన నిఖిత వైపు చూశాడు, సిగ్గుపడదామా వద్దా అని తేలక.

నిఖిత ఏడవలేదు, ఏడిస్తే ఆయన ఆపేస్తాడు. ఫోను లైటు వేసి ఆ సన్నటి గాడి లోపలికి పట్టింది. "తెల్వదు బాపు," అంది. "సూద్దాం పట్టు."

ఇద్దరి తలలూ ఆనుకున్నాయి. గాడి అడుగున బంగారు రంగు పళ్లు వరసగా, మధ్యలో ఒకచోట నల్లగా ఏదో.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవలచ్చిండ్రే, బిడ్డా?" అంది వెంకటవ్వ లోపలి నుంచి. "ఎవలదో కొత్త గొంతు ఇనొస్తుంది."

నిఖిత చెప్పబోయి నోరు మూసుకుంది. పక్కన బాపు వంటింటి వైపు తిరిగి, మెడ చాచి, గాలి మింగుతున్నాడు.